కండె నిండని చుట్లు

మొన్న బరంపురం స్టేషన్లో దిగేసరికి పొద్దు వాలిపోయింది. ఆటోని వీధి చివరే ఆపించేసి బ్యాగు భుజాన వేసుకుని నడుస్తున్నాను, సరిగ్గా సంజెదీపాల వేళ, రెండు మూడు గుమ్మాల్లోంచి ఝుణా పొగ బయటికొస్తోంది. ఝుణా అని ఒరియా వాళ్ళంటారు, మన గుగ్గిలమే. ఆ వాసనకి చాలామందికి గుడో పూజగదో గుర్తుకొస్తుంది. నాకు మాత్రం కిరసనాయిలు స్టవ్వు మీద మసిపట్టిన డాల్డా డబ్బా, అందులో బుడబుడమని ఉడికే తేనెరంగు పాకం, దాన్ని కొబ్బరీనెతో కలుపుతూ "ఇంకా ముదర్లేదురా" అనే మాస్టారు గుర్తుకొస్తారు. ఆ పాకంతోనే మేం టెలిస్కోపు అద్దం పాలిష్ చేశాం, ఆ అద్దంలోనే నేను మొదటిసారి ఇంకో గెలాక్సీని చూశాను.

నేనొచ్చిందే ఆయన కోసం. పర్లాకిమిడిలో పోయారని ఫోనొచ్చింది, నేను దిగిన మర్నాడే పదకొండో రోజు. ఆ రాత్రికి అమ్మ దగ్గర పడుకుని పొద్దున్నే బస్సెక్కాలని వచ్చాను గానీ ఆ పొగ మధ్యలోంచి నడిచాక నిద్రెక్కడ పడుతుంది.

మాది పట్టు నేసే వీధి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, బేరాల దగ్గర రెండూ కలిసిపోయేవి. స్కూలు ఒరియా మీడియమే, తెలుగు అక్షరాలు మా బామ్మ పలక మీద దిద్దించింది. అందుకని నాకు చిన్నప్పట్నుంచీ చాలావాటికి రెండేసి పేర్లు. వేసవి రాత్రుళ్ళు డాబా మీద పడుకుంటే ఆకాశానికి అడ్డంగా కనిపించే ఆ తెల్లటి పట్టీని బామ్మ పాలవెల్లి అనేది, స్కూల్లో సైన్సు సారు ఛాయాపథ అనేవారు. పాలవెల్లి అంటే వినాయక చవితికి దేవుడి నెత్తి మీద కట్టి వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులు, సీతాఫలాలు వేలాడదీసే చెక్క చట్రం కూడా కదా, రెండింటికీ ఒకే పేరెందుకని నాకు ఎప్పుడూ తోచలేదు. ఆ చట్రం పైనున్న పాలవెల్లికి బొమ్మ, ఆ కాయలే చుక్కలు అని మాస్టారు చెప్పేదాకా.

పొద్దున్న అయిదింటికల్లా మగ్గాలు మొదలయ్యేవి. పదిహేను ఇళ్ళలో పదిహేను గుంటమగ్గాలు, టకటక టకటక, ఏ చప్పుడు ఎవరిదో నాన్న కళ్ళు మూసుకుని చెప్పేవాడు. "అదిగో వాడు తొందర పడతన్నాడు, పేక తెగుద్ది చూడు" అనేవాడు, నిజంగానే కాసేపటికి ఆ మగ్గం ఆగిపోయేది. నాకూ మా అప్పకీ, అంటే అక్కకీ, కండెలు చుట్టే పని, కండె అంటే మగ్గం దారం చుట్టే చిన్న గొట్టం. స్కూలుకెళ్ళే ముందు ఇరవై, వచ్చాక ఇంకో ఇరవై. కండె నిండడం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? మొదట్లో చుట్లు దూరదూరంగా పడతాయి, ఏ చుట్టుకా చుట్టు కనిపిస్తుంది, రాట్నం తిరిగేకొద్దీ ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి బిగిసిపోయి ఆఖరికి దారం అనేదే కనపడదు, నున్నగా మెరిసే ముద్దలా అయిపోతుంది. ఈ సంగతి ఇక్కడెందుకు చెప్తున్నానంటే తర్వాత దీంతో పెద్ద పనుంది.

మాస్టారు మా మేడగదిలో అద్దెకుండేవారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు, సొంతూరు పర్లాకిమిడి. పెళ్ళి చేసుకోలేదు. "నేను గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణిరా, నాకు పుస్తకం మాటలు నోరు తిరగవు" అనేవారు. గిడుగు రామమూర్తిగారు ఆ ఊళ్ళోనే ఉండి సవర భాష నేర్చుకున్నారనీ, వాడుక తెలుగులో రాయడానికి అంత పోరాటం చేశారనీ, 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు ఆ ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారనీ నాకు చెప్పింది ఆయనే. మా ఒరియా టెక్స్టుబుక్కులో పఠాణి సామంత పాఠం ఉండేది, ఖండపడాలో వెదురుతో చెక్కతో పనిముట్లు చేసుకుని, వట్టి కంటితో గ్రహాలు లెక్కకట్టిన మనిషి. ఆ పాఠం నేను బట్టీపట్టి పైకి చదువుతుంటే మాస్టారు మెట్లు దిగొచ్చి, "ఆయన దగ్గర గాజు లేదురా, మన దగ్గరుంది. మనం ఒకటి చేద్దామా?" అన్నారు. అలా మొదలైంది.

టెలిస్కోపు కొనుక్కునే సంగతి ఆ రోజుల్లో ఎవరూ అనుకోరు. అద్దం అరగదీసుకోవాలి. ఆరంగుళాల వెడల్పు, బాగా మందం ఉన్న గుండ్రటి గాజు బిళ్ళలు రెండు ఆయన కలకత్తా నుంచి తెప్పించారు. ఒకటి కింద బల్లకి బిగిస్తారు, దాని మీద నీళ్ళూ, గాజుని అరగదీసే కార్బొరండం పొడీ వేసి రెండోదాన్ని బోర్లించి ముందుకీ వెనక్కీ రుద్దుతారు. రుద్దుతూ చేతిలో గాజుని కొంచెం కొంచెం తిప్పుతూ, మనం కూడా బల్ల చుట్టూ తిరుగుతుండాలి. విచిత్రం ఏంటంటే ఎవరూ చెక్కకుండానే పైది గుంట పడుతుంది, కిందది అంతే ఉబ్బుతుంది. మూసలేం ఉండవు, రెండూ ఒకదాన్నొకటి దిద్దుకుంటాయి. పొడి గరుకుగా ఉన్నప్పుడు గర్రుమని చప్పుడు, పొడి నలిగేకొద్దీ సన్నబడి సన్నబడి చివరికి పట్టుచీర మడతపెట్టిన చప్పుడంత అవుతుంది, అప్పుడు కడిగేసి మళ్ళీ పొడి వెయ్యాలి. ఇంత కష్టపడితే వచ్చే గుంట లోతు నడిమధ్యలో ఒక మిల్లీమీటరూ కాస్త. అంతే! ఆ కాస్తలోనే ఉంది అంతా.

కింద నాన్న మగ్గం, పైన మా గాజు. అమ్మ అనేది, "పైనా కిందా ఒకటే గోల, ఈ ఇంట్లో మాట వినిపించదు" అని.

గరుకు పొడి నుంచి మెత్తటి పొడికి మారేప్పుడు అన్నీ కడగాలి, బల్ల, బకెట్టు, చేతులు, గోళ్ళ సందులు. నేనొక రోజు పాత చొక్కాతోనే పైకెళ్ళాను, చేతి మడతలో ముందు వారం పొడి ఒక రేణువు ఉండిపోయినట్టుంది. రుద్దుతుంటే కిర్రుమంది. మాస్టారు చెయ్యి ఆపేశారు. గాజు ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తే ఈ అంచు నుంచి ఆ అంచుకి వెంట్రుకలాంటి గీత. మూడు వారాల పని పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అన్లేదు, "చొక్కా విప్పి బావి దగ్గర చేతులు కడుక్కురా, వెనక్కెళ్దాం" అని మళ్ళీ గరుకు పొడి డబ్బా తీశారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కిర్రుమన్న చప్పుడు నాకు ఒంట్లో గుచ్చుకుంటుంది.

పాలిష్ చెయ్యడానికి పొడితో పాటు కింద బిళ్ళ మీద మెత్తటి పాకం పొర కావాలి. దానికి అసలు వాడే పిచ్ అనే తారులాంటి సరుకు మా ఊళ్ళో దొరకలేదు. అందుకే గుగ్గిలం. కొండల నుంచి సవర వాళ్ళు తెచ్చి సంతలో అమ్మే గుగ్గిలం కరిగించి, తేనెమైనం వేసి, స్టవ్వు మీంచి దించాక టర్పెంటైన్ కలిపి ఎన్ని పాకాలు పట్టారో. గోటితో నొక్కితే గుర్తు పడాలి, వేలితో నొక్కితే పడకూడదు, అదీ పాకం. అమ్మ ఒకసారి పైకొచ్చి నొక్కి చూసి "అరిసెల పాకం కంటే ఒకపాలు ముదురు ఉండాలన్నమాట" అని చెప్పి వెళ్ళిపోయింది, ఆ తర్వాత పాకం ఎప్పుడూ చెడలేదు.

అద్దం సరిగ్గా వచ్చిందో లేదో చూసే పద్ధతి మాత్రం నాకు ఇప్పటికీ మాయలాగే ఉంటుంది. చీకటి గదిలో ఎనిమిది అడుగుల దూరంలో సూదిబెజ్జం దీపం, దాని పక్కన ఒక గడ్డం బ్లేడు. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుతుర్ని బ్లేడు అంచుతో కొంచెం కొంచెంగా కోస్తుంటే అద్దం మీద కొండలూ లోయలూ నీడల్లా తేలతాయి. మాస్టారు నా బొటనవేలు అద్దానికి ఒక నిమిషం ఆనించమన్నారు, తర్వాత చూస్తే అక్కడ పొక్కులా ఉబ్బింది, నా ఒంటి వేడికి గాజు ఉబ్బింది! కాసేపటికి అదే అణిగిపోయింది. ఆ తర్వాత కాలేజీ ల్యాబులో సిల్వర్ నైట్రేటు, అమ్మోనియా, పంచదార పాకంతో వెండిపూత. మా ఊరికి సముద్రం గాలి కదా, ఏడాది తిరిగేసరికి పూత నల్లబడేది, మళ్ళీ పూసేవారు. గొట్టం బదులు మగ్గాలు చేసే వడ్రంగి నాలుగు పలకల చెక్క పెట్టె చేసిచ్చాడు, నాలుగడుగుల పొడుగు.

మొదటి రాత్రి వీధంతా మా డాబా మీదే. చందమామ గుంటలు, శని ఉంగరం చూసి అందరూ అబ్బా అన్నారు. జనం వెళ్ళిపోయాక మాస్టారు ఈశాన్యం వైపు తిప్పి, "ఇప్పుడు అసలుది" అన్నారు. నేను పుస్తకంలో ఆండ్రోమెడా అనే గెలాక్సీ ఫోటో చూసున్నాను, చక్రం, తోకలు, రంగులు. కన్ను పెడితే ఏముంది, దూదిపింజ నలిపి చీకట్లో అతికించినట్టు, మధ్యలో కాస్త చిక్కగా, అటూ ఇటూ పల్చబడి చెరిగిపోతూ. మా అప్ప చూసి "ఇదేటి, అద్దం తుడవలేదా?" అంది. మాస్టారు నవ్వలేదు, మెల్లగా చెప్పారు. అందులో ఉన్నది మేఘం కాదు, చుక్కలే, లెక్కలేనన్ని, కానీ ఎంత దూరమంటే వాటి వెలుతురు ఇక్కడికి రావడానికి 22 లక్షల ఏళ్ళు పట్టింది. అప్పటి పుస్తకాల్లో అలాగే ఉండేది, ఇప్పుడు 25 లక్షలంటున్నారు.

అంత దూరమని ఎలా తెలుసని నాన్న అడిగాడు. మాస్టారు వీధిలో మగ్గాల గురించే చెప్పారు. "చప్పుడు వరసని బట్టి నేసేవాడెవడో నువ్వు చెప్తావు కదన్నా. అలాగే కొన్ని చుక్కలు ఒక లయలో వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. లయ ఎంత నింపాదిగా ఉంటే చుక్క అసలు వెలుగు అంత ఎక్కువని హెన్రియెటా లెవిట్ అనే ఆవిడ 1912లో కనిపెట్టింది. అసలు వెలుగెంతో తెలిసిపోతే, మనకి ఎంత మసగ్గా కనపడతందో చూసి దూరం కట్టేయొచ్చు." 1923లో హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలో వంద అంగుళాల అద్దంతో ఇదే ఆండ్రోమెడాని ఫోటో తీస్తే అందులో అలాంటి చుక్క ఒకటి దొరికింది, కొత్తగా పేలిన తారేమో అనుకుని ముందు వేసుకున్న ఎన్ అక్షరాన్ని కొట్టేసి, పక్కనే వెలుగు మారే చుక్క అని ఆశ్చర్యార్థకంతో రాసుకున్నాడట. ఆ లెక్కతో తేలింది, అది మన పాలవెల్లి లోపలి మేఘం కాదు, విడిగా ఇంకో పాలవెల్లి అని. నాన్న ఆ రాత్రి ఇంకోసారి కన్ను పెట్టి చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

సంక్రాంతి నెలలో ఒక పొద్దున్న వాకిట్లో పెద్ద ముగ్గు వెయ్యడానికి అమ్మ కళ్ళాపి చల్లింది. మాస్టారు దిగొచ్చి "వదినగారూ, ఇవాళ నాకిస్తారా" అని పిండి గిన్నె తీసుకున్నారు. పదడుగుల వెడల్పు చక్రం, మధ్యలో బొడ్డు, దాంట్లోంచి మెలితిరిగి బయటికొచ్చే తోకలు. ఇదీ మన పాలవెల్లి అన్నారు. లక్ష కాంతి సంవత్సరాల వెడల్పు, ఈ లెక్కన మందం అంగుళం, అంటే మధ్యలో కాస్త ఉబ్బిన అట్టు. పది వేల కోట్ల చుక్కలు తక్కువలో తక్కువ, నలభై వేల కోట్లు కూడా ఉండొచ్చు. మధ్య నుంచి రెండున్నర అడుగులు జరిగాక ఒక సన్న తోక ముక్క మీద ఒక బియ్యపు నూక పెట్టి, "ఇదీ సూర్యుడు" అన్నారు. మనం రాత్రి కంటితో విడివిడిగా చూసే చుక్కలు దాదాపు అన్నీ ఆ నూక చుట్టూ బెత్తెడు జాగాలోవేనట. మరి పాలవెల్లి పట్టీలా ఎందుకు కనపడుతుందంటే అట్టు లోపల నించుని అంచు వైపు చూస్తున్నాం కాబట్టి. పైకీ కిందకీ చూస్తే చుక్కలు పల్చన, అంచు వైపు చూస్తే ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి పాలు. ఈ సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ బయట ఎక్కడో ఉందనుకున్నదాంట్లోనే నేనున్నాను.

ఆ ముగ్గులో తప్పొకటుంది. మన గెలాక్సీ మధ్యలో చుక్కల కమ్మీ లాంటిది ఒకటుంది, తోకలు ఆ కమ్మీ కొసల దగ్గర మొదలవుతాయి. అప్పటికి ఎవరికీ గట్టిగా తెలీదు, 2005లో స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపు చూసిన లెక్కలతో అది ఎంత పొడుగో బాగా తెలిసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట మా వాకిలే గుర్తొచ్చింది, అక్కడ పిండితో అడ్డంగా ఒక గీత గీయాలనిపించింది.

సూర్యుడు కూడా తిరుగుతాడు, సెకనుకి దాదాపు 220 కిలోమీటర్లు, అయినా ఒక్క చుట్టుకి 22, 23 కోట్ల ఏళ్ళు, పుట్టినప్పట్నుంచీ ఓ ఇరవై చుట్లు తిరిగుంటాడు, లోపలున్న చుక్కలు దారి చిన్నది కాబట్టి ఇంకా ఎక్కువ చుట్లు. ఇదంతా మాస్టారు ముగ్గు మీద వేలితో చూపిస్తున్నారు. నాన్న మగ్గం గుంటలోంచి లేచొచ్చి గుమ్మంలో నించుని వింటున్నాడు. నాలుగో క్లాసు దాటని మనిషి.

"మాస్టారూ, మరయితే కండె నిండిపోవాలి గదా?"

"ఏంటన్నా?"

"లోపలోడు గబగబా తిరిగి, బయటోడు నెమ్మదిగా తిరిగితే ఆ తోక చుట్టుకుపోద్ది గదా. ఇరవై చుట్లంటన్నారు. నా కండె ఇరవై చుట్లకి దారం కనపడదు. ఇవేటి, పుస్తకంలో ఒకటీ ఒకటిన్నర చుట్టుకి మించి లేవు?"

మాస్టారు పిండి చేతులతో అలాగే కూర్చుండిపోయారు. ఆయన మొహం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. కాసేపయ్యాక, "అన్నా, నువ్వడిగిన ప్రశ్న పెద్ద పెద్ద వాళ్ళని ఎన్నో ఏళ్ళు నిద్రపోనివ్వలేదు. నీకు సమాధానం నోటితో చెప్తే సరిపోదు, చూపిస్తాను, జాతర రానీ" అన్నారు.

బరంపురం వాళ్ళకి జాతరంటే ఒకటే, బుఢీ ఠాకురాణి జాతర, రెండేళ్ళకోసారి చైత్రంలో. అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు దేశిబెహెరా వీధికొస్తుంది, రాత్రుళ్ళు ఘటాలు వీధివీధికీ తిరుగుతాయి, మొక్కుకున్న వాళ్ళు వేషాలు కడతారు, పులి నాచం, డప్పులు, పెట్రోమాక్స్ లైట్లు. ఆ ఏడు మాస్టారు నాన్నని, నన్నూ మా అప్పనీ ఒక మేడ మీదికి తీసుకెళ్ళారు. కింద వీధి ఒక మలుపు దగ్గర ఇరుకవుతుంది, అక్కడ జనం తోసుకుంటున్నారు.

"ఆ మలుపు చూడన్నా. గంట నుంచీ గుంపు అక్కడే ఉంది. గంట కిందటున్న మనుషులున్నారా?"

"లేరు. ఎల్లిపోనారు. కొత్తోళ్ళొచ్చారు."

"మరి గుంపు?"

"గుంపు ఉంది."

"తోకంటే దారం కాదన్నా. గుంపు. చుక్కలు తిరుగుతూ తిరుగుతూ వచ్చి అక్కడ కాస్త నెమ్మదిస్తాయి, ఒరుసుకుంటాయి, దాటి వెళ్ళిపోతాయి. గుంపు కూడా జరుగుద్ది, కానీ మనుషులంత జోరుగా కాదు. దారమైతే చుట్టుకుపోవాలి. ఇరుకు చుట్టుకోదు."

1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ అనే ఇద్దరు ఇదే చెప్పారని, సాంద్రత అల అంటారని తర్వాత నాకు కాలేజీలో తెలిసింది. కానీ ఆ రాత్రి మాస్టారు అక్కడితో ఆపలేదు. తోకలు నీలంగా ఎందుకు మెరుస్తాయో కూడా ఆ లైట్లు చూపించే చెప్పారు. ఇరుకులో చుక్కలతో పాటు వాయువు మేఘాలు కూడా నలుగుతాయి, నలిగిన చోట కొత్త చుక్కలు పుడతాయి, వాటిలో బాగా బరువున్నవి నీలంగా భగ్గున మండి కొద్ది పదుల లక్షల ఏళ్ళకే అయిపోతాయి, సూర్యుడి లాంటివాడు వెయ్యి కోట్ల ఏళ్ళు బతుకుతుంటే. "ఆ పెట్రోమాక్స్ మోసేవాడు గుంపులోనే వెలిగిస్తాడు, నాలుగు వీధులు దాటేలోగా కిరసనాయిలు అయిపోద్ది. అందుకే దూరం నుంచి చూసేవాడికి గుంపున్న చోటే వెలుగు. వీధి మిగతాచోట్ల మనుషుల్లేక కాదు, లైట్లు లేక." మధ్య బొడ్డు పసుపు పచ్చగా ఉండేది అక్కడ ఎక్కువగా ముసలి చుక్కలే కాబట్టి. నాన్న తలూపుతూ మలుపు వైపే చూస్తున్నాడు. ఇంటికొచ్చాక అమ్మతో అన్నాడు, "దారం కాదటే అది. ఇరుకంట" అని.

ఇప్పుడు చదువుతుంటే అన్ని గెలాక్సీలకీ ఇదే లెక్క సరిపోదని తెలుస్తోంది. కొన్నింట్లో తోకలు తునకలు తునకలుగా ఉంటాయి, కొన్ని తోకలు కట్టుకుని, చెదిరి, మళ్ళీ కట్టుకుంటాయని కంప్యూటర్లో లెక్కగట్టి చూపించేవాళ్ళూ ఉన్నారు, వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నాన్నకి ఇది చెప్పుంటే ఇంకో ప్రశ్న వేసేవాడు.

శివరాత్రికి మహేంద్రగిరి వెళ్ళాం. పదిహేను వందల మీటర్ల కొండ, పైన పాండవుల పేర్లతో పాత రాతి గుళ్ళు, ఆ రాత్రి జాగారానికి ఆంధ్రా వైపు నుంచీ ఒరిస్సా వైపు నుంచీ జనం ఎక్కుతారు. శివరాత్రి అంటే అమావాస్య ముందు రాత్రి, చందమామ అడ్డు రాడు, అదీ మాస్టారి లెక్క. పర్లాకిమిడిలో ఆయన చెల్లెలి గారింట్లో భోంచేసి, కొండ కింది ఊరిదాకా జీపు, అక్కడ్నుంచి చెక్క పెట్టెని ఇద్దరు సవర కుర్రాళ్ళు కావిడికి కట్టి మోశారు. అద్దం మాత్రం మాస్టారు ఎవరికీ ఇవ్వలేదు, నాన్న ఇచ్చిన పట్టుముక్కలో చుట్టి చంకలో పెట్టుకునే ఎక్కారు.

చీకటి పడగానే పడమర వైపు ఆండ్రోమెడా దిగిపోతోంది, ముందు అది చూశాం. మన డాబా మీద కంటే రెండింతలు పొడుగ్గా ఉంది. తర్వాత నడినెత్తిన మృగవ్యాధుడు, అంటే ఓరియన్, అందులో ఎర్రటి ఆర్ద్ర, కింద నీలంగా రైజెల్, ఒకే బొమ్మలో రెండు రంగులు. బామ్మ గొల్లకావిడి అనే మూడు చుక్కలు. గుడి దగ్గర భజనలు, చలిమంటలు, ఎవరో ఉడికించిన చిలగడదుంపలు తెచ్చిపెట్టారు. ఇద్దరు ముసలి సవర ఆడవాళ్ళు కన్ను పెట్టి చూసి వాళ్ళ భాషలో ఏదో చెప్పుకున్నారు, మాస్టారికి కొంచెం వచ్చు, ఆయన కూడా ఏదో అన్నారు, ముగ్గురూ నవ్వారు.

అర్ధరాత్రి దాటాక దక్షిణాన, అడివి మీద తక్కువ ఎత్తులో ఒక మసక చుక్క. వట్టి కంటికి చుక్కే. అద్దంలో చూస్తే పంచదార కుప్పపోసినట్టు, అంచుల్లో పలుకు పలుకూ విడిగా. ఒమెగా సెంటారి. కోటి దాకా చుక్కలు గుండ్రంగా ముద్దకట్టి, పాలవెల్లి అట్టు లోపల కాకుండా దాని చుట్టూ పైనా కిందా తిరిగే ముసలి గుంపుల్లో అన్నిటికంటే పెద్దది. యూరప్‌లో చాలాచోట్ల నించుంటే ఇది కనపడదు, మనం దక్షిణంగా ఉండబట్టి దక్కింది. ఇలాంటి గుంపులు ఎటువైపు ఎక్కువున్నాయో లెక్కపెట్టే షాప్లీ అనే ఆయన సూర్యుడు గెలాక్సీ మధ్యలో లేడని 1918లో తేల్చాడు. అంతవరకూ మనమే నడిబొడ్డున ఉన్నామనుకున్నారు.

ఉత్తరాన సప్తర్షుల తోక కిందే ఎమ్ 51 అనే గెలాక్సీ ఉంటుంది. 1845లో ఐర్లాండులో లార్డ్ రాస్ ఆరడుగుల అద్దంతో చూసి మొట్టమొదట మెలికలు గీసింది దీన్నే. మాకు కనిపించింది రెండు మసక బొట్లు. మాస్టారు దుప్పటి నెత్తి మీద కప్పుకుని అరగంట కన్ను తియ్యలేదు. "వంపు కనపడిందిరా. ఒక్క క్షణం" అన్నారు. నేను చూస్తే నాకు కనపడలేదు. ఆయనకి కనపడిందనే నమ్ముతాను.

నాలుగింటికి ఆగ్నేయం వైపు, సముద్రం మీంచి, వృశ్చికం తోక వెంట పాలవెల్లి లేచింది. వెడల్పుగా, ముద్దలు ముద్దలుగా, మధ్యలో నల్లటి చీలికతో. మాస్టారు చెయ్యి చాపి, "అదిగో, మూలా నక్షత్రం దగ్గర. దాని పక్కనే మన పాలవెల్లి నడిబొడ్డు. 26 వేల కాంతి సంవత్సరాలు. మూల అని పేరు పెట్టినవాళ్ళకి ఈ సంగతి తెలిసే పెట్టారని నేననను. కానీ పేరు మాత్రం ఎంత బాగా కుదిరిందిరా" అన్నారు. గుళ్ళో గంటలు మొదలయ్యాయి. నాన్న మంకీక్యాప్ తీసేసి నమస్కారం పెట్టాడు, గుడికో పాలవెల్లికో నేనడగలేదు.

ఆ తర్వాత అందరి ఇళ్ళలో జరిగినట్టే. మగ్గాలు ఒక్కొక్కటీ ఆగాయి, కుర్రాళ్ళు సూరత్ మిల్లులకి పోయారు, నేను హైదరాబాద్ పోయాను, మాస్టారు రిటైరై పర్లాకిమిడి వెళ్ళిపోయారు. నాన్న పోయినప్పుడు వచ్చి మగ్గం గుంట గట్టు మీద చాలాసేపు కూర్చున్నారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టాక రెండు రోజులకి ఆయన్ని చూడ్డానికెళ్ళాను. దారి పొడుగునా కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగున్నాయి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు, ఎక్కడా కరెంటు లేదు. బియ్యం, కొవ్వొత్తులు, మందులు పట్టుకెళ్ళాను. ఆయన పెంకుటింటి మీద సగం పెంకులు లేవు. రాత్రి వాకిట్లో నులకమంచం వేసుకుని కూర్చున్నాం, నెలవంక అప్పటికే దిగిపోయింది. తల పైకెత్తితే, ఊరి నడిమధ్యలో, చిన్నప్పుడు మా డాబా మీద చూసినంత పాలవెల్లి. నోట మాట రాలేదు నాకు. ఆయనకి అప్పటికే చూపు బాగా తగ్గింది, ఒక కన్నుకి ఆపరేషన్ చేశారు, అది సరిగ్గా కుదరలేదు.

"ఉందా?" అన్నారు.

"ఉంది మాస్టారూ."

"ఎక్కణ్ణుంచి?"

"నైరుతిలో ధనుస్సు దిగిపోతోంది, అక్కణ్ణుంచి శ్రవణం పక్కగా, నెత్తి మీద హంస దాకా."

"చీలిక కనపడతందా?"

"కనపడతంది. శ్రవణం దగ్గర బాగా నల్లగా."

"ఖాళీ కాదది. ధూళి. అందులోనే పుడతాయి కొత్తవి." కాసేపాగి, "మీ నాన్న ప్రశ్న నేను క్లాసులో ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. ఒక నేతగాడు అడిగాడని చెప్పే మొదలెట్టేవాణ్ణి" అన్నారు. పక్కింటి పిల్లలు నలుగురు చేరారు. ఒకడు ఒరియాలో ఛాయాపథ అన్నాడు, ఇంకో పిల్ల తెలుగులో పాలవెల్లి అంది. మాస్టారు వాళ్ళకి ముగ్గు గురించి, అట్టు గురించి చెప్పడం మొదలుపెట్టారు, చేత్తో గాల్లో చక్రం గీస్తూ.

మొన్న పదకొండో రోజు అయ్యాక ఆయన మేనల్లుడు లోపల్నుంచి ఒక మూట తెచ్చి "మావయ్య ఇది మీకిమ్మన్నాడు" అని చేతిలో పెట్టాడు. నాన్న ఇచ్చిన పట్టుముక్కే, మా బరంపురం పట్టుకి వేసే ఫొడకుంభ అంచు, రంగు వెలిసిపోయింది. లోపల అద్దం. వెండిపూత పూర్తిగా పోయింది, వట్టి గాజు, వంచి చూస్తే ఆ మిల్లీమీటరు గుంట కనీ కనపడకుండా ఉంది.

బరంపురం వచ్చి వంటింట్లోకెళ్ళాను. రెండో బిళ్ళ, కిందది, అక్కడే ఉంటుందని నాకు తెలుసు. పని అయిపోయాక దాని మీది గుగ్గిలం గీకేసి అమ్మ ఆవకాయ జాడీ మీద బరువుగా పెట్టుకుంది, అన్నేళ్ళ నుంచీ అక్కడే. తీసి కడిగి తుడిచాను. గాజు మీద గాజు పెడితే గీత పడుతుందని మధ్యలో పట్టుముక్క పరిచి, అద్దాన్ని దాని మీద బోర్లించాను. ఆ గుంట ఈ ఉబ్బు మీద కూర్చుంది, ఎటు తిప్పినా ఊగలేదు, అంచు చుట్టూ గోరు పట్టే సందు లేదు.

అమ్మ గుమ్మం దగ్గర్నుంచి చూస్తోంది. "పట్టుకుపో కావాలంటే. పొద్దున్నకి జాడీకి ఇంకేదన్నా చూస్తాను" అంది.

"వద్దమ్మా. అద్దం కూడా ఇక్కడే ఉండనీ."

"అయితే ఆ పైదానికి నూనె అంటనీకు" అని ఒక పాత చీర ముక్క చింపి ఇచ్చింది.